ఫీచర్లు సరే, ఇరవై ఏళ్ళ తర్వాత ఫైలు తెరుచుకుంటుందా?

మా అక్క కొడుకు బీకాం ఫైనలియర్. కొత్త లాప్‌టాప్‌తో పాటు ట్రయల్ కింద వచ్చిన మైక్రోసాఫ్ట్ ఆఫీసుకి గడువు తీరిపోయింది, ఫైళ్ళు తెరుచుకుంటున్నాయి గానీ ఒక్క అక్షరం మార్చనివ్వట్లేదంట. రాత్రి పదిన్నరకి వాట్సాప్‌లో ఒక ఫొటో పెట్టి కింద "మామా, కొనమంటావా, లిబ్రెఆఫీస్ వేసుకోమంటావా, ఒక్క ముక్కలో చెప్పు" అని అడిగాడు. లిబ్రెఆఫీస్ అంటే అవే పనులు చేసే ఉచిత సాఫ్ట్‌వేర్, దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు, ఓపెన్ సోర్స్ అంటే అదే. ఆ ఫొటో ఏదో వీడియోలోంచి తీసిన స్క్రీన్‌షాట్. ఎడమ పక్క ఫీచర్ల పేర్లు, కుడి పక్క రెండు గడులు, ఒకటి మైక్రోసాఫ్ట్‌ది, ఒకటి లిబ్రెఆఫీస్‌ది, పచ్చ టిక్కులు, ఎర్ర ఇంటూలు. లెక్కపెడితే మైక్రోసాఫ్ట్‌కే టిక్కులు ఎక్కువ.

ఒక్క ముక్కలో చెప్పలేకపోయా. "రేపు చెప్తా, పడుకోరా" అన్నా. సరిగ్గా ఆ వారమే నా చేతిలో ఇంకో పని ఉంది, ఆ పని చేస్తూ చేస్తూ ఆఫీసు సాఫ్ట్‌వేర్ల గురించి ఇన్నేళ్ళుగా నేను అనుకుంటున్న కొన్ని మాటలు మార్చుకోవాల్సి వచ్చింది. అందుకే వాడికి ఫోన్లో చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నా.

ఆ పని ఏంటంటే, ఖమ్మం దగ్గర మా ఊళ్ళో ఒక చిన్న గ్రంథాలయం ఉంది. 2003లో దాని రజతోత్సవానికి 94 పేజీల సంచిక వేశారు. ఊరి చరిత్ర, పాత ఫొటోలు, గ్రంథాలయానికి స్థలం ఇచ్చినవాళ్ళ పేర్లు, రూపాయి రూపాయి చందా ఇచ్చినవాళ్ళ పేర్లు, అప్పటికి బతికున్న పెద్దవాళ్ళు చెప్పిన జ్ఞాపకాలు, అన్నీ అందులోనే ఉన్నాయి. ఇప్పుడు ఒక్క కాపీయే మిగిలింది, అది కూడా సగం చెదలు తినేసింది. 2028లో స్వర్ణోత్సవం, ఆ పాత సంచికని మళ్ళీ వేయాలని కార్యదర్శిగారి కోరిక. "సీడీ ఉంది బాబూ, భద్రంగా దాచాం, ఫైళ్ళన్నీ అందులోనే ఉన్నాయి, నువ్వు ఓపెన్ చేసి ప్రింటు తీస్తే చాలు" అని పత్తిలో చుట్టినట్టు ఒక సీడీ తెచ్చి ఇచ్చారు. సీడీ చదివింది. ఫైళ్ళు ఉన్నాయి. తెలుగు మాత్రం లేదు. ఆ కథ కాసేపాగి చెప్తా, ముందు ఆ టిక్కుల పట్టిక సంగతి.

ఉన్నమాట ఉన్నట్టు

నేను లిబ్రెఆఫీస్ వాడేవాడిని, అదంటే ఇష్టం ఉన్నవాడిని. అయినా ఎక్సెల్ ముందు కాల్క్, అంటే లిబ్రెఆఫీస్‌లో లెక్కల షీట్లు వేసే భాగం, చిన్నదే. లెక్కలు చేయడంలో కాదు, ఆ లెక్కల చుట్టూ కట్టిన పనిలో. పవర్ క్వెరీ లాంటిది కాల్క్‌లో లేదు. నెలనెలా పదిహేను బ్రాంచీల నుంచి వచ్చే షీట్లని ఒకచోట చేర్చి, శుభ్రం చేసి, మళ్ళీ నెల ఒక్క రిఫ్రెష్ కొడితే అంతా అయిపోవాలంటే ఎక్సెల్‌లో ఒక్క సాయంత్రం పని, కాల్క్‌లో మాక్రోలు, అంటే షీటులోనే నడిచే చిన్న ప్రోగ్రాములు, రాసుకోవాలి. పట్టికలోంచి కావాల్సిన విలువ వెతికి తెచ్చే ఎక్స్‌లుకప్ ఫంక్షన్‌ని మైక్రోసాఫ్ట్ 2019లో చూపించింది, లిబ్రెఆఫీస్‌లోకి అది 24.8 వెర్షన్‌తో, అంటే 2024 ఆగస్టులో వచ్చింది. ఐదేళ్ళు. ఫిల్టర్, సార్ట్, యూనీక్ ఫంక్షన్లు కూడా దాంతోపాటే వచ్చాయి. ఐదేళ్ళు ఆలస్యం అంటే, ఉద్యోగం కోసం నేర్చుకునే పిల్లాడికి అది మొత్తం డిగ్రీ చదువు కంటే ఎక్కువ కాలం.

ఇంకోటి, ఒకే ఫైలుని నలుగురు ఒకేసారి తెరిచి రాసుకోవడం. మైక్రోసాఫ్ట్ 365లో, గూగుల్ డాక్స్‌లో అది మామూలు సంగతి అయిపోయింది. లిబ్రెఆఫీస్ డెస్క్‌టాప్‌లో లేదు. దాని కోడ్ మీదే కట్టిన కొలాబొరా ఆన్‌లైన్ ఉంది గానీ దానికి ఎవరో ఒకరు సర్వరు పెట్టాలి, చూసుకోవాలి. ఇద్దరు గుమాస్తాలున్న ఆఫీసులో ఆ సర్వరు ఎవరు చూస్తారు?

అన్నిటికన్నా గట్టి ఇబ్బంది మన ప్రభుత్వమే పెట్టింది. ఆదాయపు పన్ను శాఖ రిటర్నులకి ఇచ్చే ఎక్సెల్ యుటిలిటీ మాక్రోలతో నడుస్తుంది, దానికి మైక్రోసాఫ్ట్ ఎక్సెలే కావాలి. కాల్క్‌లో తెరిస్తే గడులు కనపడతాయి, బటన్లు పలకవు. ఆన్‌లైన్లో నేరుగా నింపే దారి కూడా ఉందనుకోండి, కానీ ఆడిటర్ దగ్గర అసిస్టెంటుగా చేరిన కుర్రాడు సీజన్లో రోజుకి ఇరవై రిటర్నులు చూడాలి, వాడికి "ఓపెన్ సోర్స్ వాడు" అని చెప్పడం నాకు నోరు రాదు. బీకాం చదివే మావాడికి ఎదురయ్యేది సరిగ్గా ఇదే.

అందుకే ఎవరైనా "లిబ్రెఆఫీస్ అచ్చం ఎమ్మెస్ ఆఫీసే, తేడా ఏమీ లేదు, ఫ్రీ" అని ప్రచారం చేస్తే నాకు బాధేస్తుంది. ఆ మాట నమ్మి వేసుకున్నవాడు రెండో రోజే ఏదో ఒక ఫైలు దగ్గర ఇరుక్కుపోతాడు, ఇక జన్మలో దాని జోలికి రాడు. తేడాలు ఉన్నాయి. ఏ తేడా ఎవరికి ముఖ్యం అన్నదగ్గరే మాట్లాడుకోవాలి.

పట్టికలో రాయని ఫీచర్లు

ఆ స్క్రీన్‌షాట్‌లో "సీఎస్‌వీ ఫైళ్ళు తెరుస్తుంది" అనే వరసలో రెండింటికీ పచ్చ టిక్కే ఉంది. సీఎస్‌వీ అంటే గడుల మధ్య కామాలు పెట్టి రాసిన మామూలు టెక్స్ట్ ఫైలు. నాకు ఆ వరస దగ్గర చూపు ఆగిపోయింది, ఎందుకంటే మా పొదుపు సంఘంలో ఆ ఒక్క టిక్కు వెనక ఒక వారం పోయింది.

సంఘంలో 212 మంది సభ్యులు. వాళ్ళ పేర్లు తెలుగులో, ఆధార్ నంబర్లు, అకౌంటు నంబర్లు, అన్నీ ఒక వెబ్‌సైటు నుంచి సీఎస్‌వీగా దించుకున్నాం. మా దగ్గర పనిచేసే అమ్మాయి దాన్ని డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరిచింది. పేర్ల బదులు అంతా ఫ్రెంచి వాళ్ళ గీత పెట్టిన అక్షరం, పక్కన డిగ్రీ గుర్తు, మళ్ళీ అదే అక్షరం, మళ్ళీ డిగ్రీ గుర్తు. సరే పేర్లు తర్వాత టైపు చేద్దాంలే అని నంబర్ల కాలమ్ మాత్రం ఉంచి సేవ్ కొట్టేసింది. ఆధార్ నంబర్లన్నీ 2.34568ఈ+11 లాగా మారిపోయి, అలాగే సేవ్ అయిపోయాయి. అసలు ఫైలు పైనే సేవ్ చేసింది. ఆ అమ్మాయి తప్పు ఏముంది, ఎవరూ ఆమెకి చెప్పలేదు, ఆ ప్రోగ్రామూ అడగలేదు. సభ్యులందరి దగ్గరికీ మళ్ళీ తిరిగాం.

ఇది ఎందుకు జరుగుతుందో తెలుసుకుంటే భయమేస్తుంది. ఎక్సెల్‌లో ఫార్మాట్ ఏమీ చెప్పని గడిలో 11 అంకెల దాకా నంబరు నంబరులా కనిపిస్తుంది, 12వ అంకె రాగానే ఈ+11 రూపంలోకి మారుతుంది. ఆధార్ సరిగ్గా 12 అంకెలు. సీఎస్‌వీగా సేవ్ చేస్తే గడిలో కనిపించేదే ఫైల్లోకి వెళ్తుంది, వెనకున్న అంకెలు పోతాయి. 15 అంకెలు దాటిన నంబర్లయితే ఇంకా ఘోరం, పదహారో అంకె సున్నా అయిపోతుంది, కంటికి తేడా కూడా తెలీదు. ఇక తెలుగు పేర్ల సంగతంటే, ఫైలు యూటీఎఫ్-8లో, అంటే అన్ని భాషల అక్షరాలూ దాచే పద్ధతిలో, ఉందని మొదట్లో ఒక గుర్తు లేకపోతే ఎక్సెల్ దాన్ని పాత విండోస్ ఎన్‌కోడింగ్ అనుకుని చదువుతుంది, తెలుగు అక్షరం ఒక్కోటీ మూడు ముక్కలవుతుంది. ఈ బాధ మనకే కాదు, మనిషి జన్యువులకి పేర్లు పెట్టే కమిటీ 2020లో కొన్ని జన్యువుల పేర్లే మార్చుకుంది, సెప్ట్1 అని రాస్తే సెప్టెంబరు ఒకటో తారీఖు అయిపోతోందని దాన్ని సెప్టిన్1 చేసుకున్నారు. సైంటిస్టులే పేర్లు మార్చుకోవాల్సి వచ్చిందంటే మా సంఘం అమ్మాయిని ఏమనగలను.

కాల్క్‌లో అదే ఫైలు డబుల్ క్లిక్ చేస్తే నేరుగా తెరుచుకోదు, ముందు ఒక పెట్టె వస్తుంది. ఏ ఎన్‌కోడింగ్, కామాతో విడగొట్టాలా ట్యాబ్‌తోనా, ఈ కాలమ్ నంబరా, టెక్స్టా, తేదీయా అని అడుగుతుంది, కింద ముందుగానే నమూనా చూపిస్తుంది. ఆధార్ కాలమ్ మీద నొక్కి టెక్స్ట్ అంటే అయిపోయింది. ఎక్సెల్‌లో కూడా డేటా ట్యాబ్‌లోకి వెళ్ళి అక్కడి నుంచి తెచ్చుకుంటే ఇవన్నీ అడుగుతుంది, ఆటోమేటిగ్గా మార్చొద్దని చెప్పే సెట్టింగు కూడా 2023లో ఇచ్చారు. అంటే ఫీచరు రెండింటిలోనూ ఉంది, టిక్కు అబద్ధం కాదు. కానీ ఒకటి అడిగి తెరుస్తుంది, ఇంకోటి తెరిచేశాక మనమే వెతుక్కోవాలి. పట్టికలో ఈ తేడాకి గడి లేదు. నిజం చెప్పాలంటే కాల్క్ పెట్టే ఆ పెట్టె చూసి మా అమ్మాయి మొదట్లో విసుక్కుంది కూడా, "ఇన్ని ప్రశ్నలేంటి సార్, ఓపెన్ అవ్వచ్చుగా" అని. విసుగు పుట్టించే ప్రశ్నే మా లిస్టుని కాపాడి ఉండేది.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి గానీ రెండే చెప్తా. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లతో, అంటే ఒక్క మాట బదులు అక్షరాల నమూనా ఇచ్చి, వెతకడం రైటర్లో (లిబ్రెఆఫీస్‌లో వర్డ్ లాంటిది), కాల్క్‌లో ఎప్పటి నుంచో ఉంది, కాల్క్‌లో దానికి ప్రత్యేకంగా ఫంక్షన్ 2019లోనే వచ్చింది, ఎక్సెల్‌లోకి అలాంటి ఫంక్షన్లు రావడం 2024లో మొదలైంది, అంటే ఆలస్యం ఎప్పుడూ ఒక వైపే ఉండదు. తెలుగు ప్రూఫులు దిద్దేవాళ్ళకి ఇదెంత పనికొస్తుందో చెప్పలేను, విసర్గ బదులు కోలన్ కొట్టిన చోట్లు, సున్నా బదులు ఇంగ్లీషు ఓ కొట్టిన చోట్లు మొత్తం ఒక్క దెబ్బకి దొరుకుతాయి. రెండోది, లిబ్రెఆఫీస్‌లో పీడీఎఫ్ తీసేటప్పుడు దాని కడుపులోనే అసలు ఓడీఎఫ్ ఫైలుని, అంటే లిబ్రెఆఫీస్ మామూలుగా సేవ్ చేసే ఫార్మాట్‌లోని ఫైలుని, కూడా దాచే వీలుంది. చదివేవాడికి మామూలు పీడీఎఫ్, లిబ్రెఆఫీస్ ఉన్నవాడికి దిద్దుకోగల ఫైలు.

వరస తప్పిన వినతిపత్రం

ఇన్ని చెప్పి లిబ్రెఆఫీస్‌తో నేను పడ్డ అవస్థ చెప్పకపోతే అన్యాయం. మూడేళ్ళ కింద గ్రంథాలయం తరఫున ఒక ఆఫీసుకి వినతిపత్రం రాశా. రైటర్లో, మండలి ఫాంటులో, రెండు పేజీలు, చివర సంతకాల కోసం ఒక టేబుల్. వర్డ్ వాడే డాక్స్ ఫార్మాట్‌లో సేవ్ చేసి మెయిల్ చేశా. వాళ్ళ కంప్యూటర్లో తెరిస్తే మూడున్నర పేజీలైంది, సంతకాల టేబుల్ విరిగి సగం తర్వాతి పేజీలోకి పోయింది, ఒక చోట శీర్షిక పేజీ అడుగున ఒంటరిగా మిగిలింది. "ఇదేం సాఫ్ట్‌వేరండీ" అని అక్కడి గుమాస్తాగారు నా ముందే అన్నారు, నా మొహం చిన్నబోయింది.

ఇంటికొచ్చి చూస్తే సగం తప్పు ఫాంటుది. వాళ్ళ కంప్యూటర్లో మండలి లేదు, దాని బదులు నిర్మలా వచ్చి కూర్చుంది, తెలుగు ఫాంట్లలో పైన గుడులు, కింద ఒత్తుల కోసం వదిలే ఎత్తు ఒక్కో ఫాంటుకి ఒక్కోలా ఉంటుంది కాబట్టి ప్రతి లైనూ కాస్త జరిగి మొత్తం పేజీలు మారిపోయాయి. ఇంగ్లీషు ఫాంట్ల మధ్య ఇంత తేడా సామాన్యంగా రాదు. ఫైల్లోనే ఫాంటుని కలిపి పంపే సదుపాయం రైటర్లోనూ ఉంది, వర్డ్‌లోనూ ఉంది, నేను వాడలేదు. మిగతా సగం మాత్రం మార్పిడిదే. రైటర్ ఆలోచించే పద్ధతి వేరు, అది పేజీ స్టైళ్ళతో నడుస్తుంది, వర్డ్ సెక్షన్లతో నడుస్తుంది, ఒకదాన్నుంచి ఇంకోదానికి వెళ్ళేటప్పుడు ఎక్కడో ఒక నట్టు వదులవుతుంది.

తెలుగుకి ఇంకో చిక్కు కూడా ఉంది, కొత్తగా వచ్చినవాళ్ళందరూ దీని దగ్గరే తల బాదుకుంటారు. లిబ్రెఆఫీస్‌లో ఒకే స్టైలుకి మూడు ఫాంట్లు ఉంటాయి, ఒకటి ఇంగ్లీషు లాంటి లిపులకి, ఒకటి చైనా జపాన్ లిపులకి, మూడోది మనలాంటి లిపులకి, దాన్ని సీటీఎల్ అంటారు. స్టైల్లో సైజు 14 పెట్టా, ఇంగ్లీషు మారింది, తెలుగు మారలేదు అని ఎంతమంది అడిగారో నన్ను. మూడో గడిలో కూడా మార్చాలి. తెలిసినవాడికి ఇది సుఖమే, "2003" అనే అంకెకి ఒక ఫాంటు, పక్కనున్న "సంచిక"కి ఇంకో ఫాంటు ఒకే స్టైల్లో కుదురుతాయి. తెలియనివాడికి మాత్రం సాఫ్ట్‌వేర్ పాడైందనే అనిపిస్తుంది. దాన్ని దాచిపెట్టి "చాలా ఈజీ" అని చెప్పడం నాకు ఇష్టం లేదు. ఒక మంచి మాట ఏంటంటే, 2017లో 5.3 వెర్షన్ నుంచి అన్ని సిస్టముల్లోనూ హార్ఫ్‌బజ్ అనే ఒకే ఇంజను అక్షరాలు పేరుస్తోంది, కాబట్టి లినక్స్‌లో ఒకలా విండోస్‌లో ఒకలా ఒత్తులు రావడం అనే పాత గోల చాలావరకు పోయింది.

ఆ సీడీలో ఏముంది

ఇప్పుడు గ్రంథాలయం సీడీ. ఫైళ్ళు పేజ్‌మేకర్‌వి, అది పుస్తకాల పేజీలు కూర్చే పాత సాఫ్ట్‌వేర్. మన జిల్లాల్లో 1990ల నుంచి పెళ్ళి కార్డులు, కరపత్రాలు, కవిత్వం పుస్తకాలు, వారపత్రికలు, ఎన్ని లక్షల పేజీలు అందులో పుట్టాయో. దాని ఆఖరి వెర్షన్ 7.0, వచ్చింది 2001లో. అప్పటి డీటీపీ షాపు మూతపడి చాలా కాలమైంది, ఆ అన్న ఇప్పుడు ఊళ్ళో లేడు.

నాకు ఆశ్చర్యం కలిగించింది ఏంటంటే, ఆ ఫైళ్ళని నా కంప్యూటర్లో తెరిచింది లిబ్రెఆఫీసే. 2015లో వచ్చిన 4.4 వెర్షన్లో పేజ్‌మేకర్ ఫైళ్ళు చదివే పని కూడా చేర్చారు. ఎవరో ఎక్కడో కూర్చుని, చచ్చిపోయిన ఒక ఫార్మాట్‌ని బైటు బైటు విప్పి, ఏ బైటు ఏ అర్థమో కనిపెట్టి, కోడ్ రాసి ఊరికే ఇచ్చారు. ఏ కంపెనీకి దీంతో లాభం? కొత్త గిరాకీ ఎక్కడ వస్తుంది? ఆ స్క్రీన్‌షాట్‌లో ఈ వరస లేనే లేదు, ఉంటే మైక్రోసాఫ్ట్ గడిలో ఎర్ర ఇంటూ ఉండేది.

పేజీలు వచ్చాయి, పెట్టెలు కాస్త అటూ ఇటూ జరిగినా ఉన్నాయి, ఫొటోల చోట్లు ఉన్నాయి. అక్షరాలు మాత్రం ఇంగ్లీషు గుర్తులు, కొమ్ములు, రూపాయి కాని ఏవో కరెన్సీ గుర్తులు. ఎందుకంటే అప్పటి తెలుగు ఫాంట్లు యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ ప్రపంచమంతటా ఒకే సంఖ్య ఇచ్చే పద్ధతి) కావు. కంప్యూటర్ దృష్టిలో అది తెలుగే కాదు, ఇంగ్లీషు అక్షరాలకి తెలుగు బొమ్మలు తొడిగారంతే. "క" అని కనిపించే చోట ఫైల్లో ఉన్నది ఇంకేదో గుర్తు. తలకట్టు ఒక కీ, దీర్ఘం ఒక కీ, ఒత్తు ఇంకో కీ. ఆ ఫాంటు ఉన్నంతవరకు తెలుగు, ఫాంటు పోతే చెత్త. ఒక కంపెనీ ఫాంటుకీ ఇంకో కంపెనీ ఫాంటుకీ పొత్తు లేదు. షాపు అన్న వాడిన ఫాంటు ఏదో కనిపెట్టి, దానికి సరిపడే కన్వర్టరు పట్టుకుని, యూనికోడ్‌లోకి మార్చేసరికి మూడు వారాలు. మార్చాక కూడా పేజీకి ముప్పై నలభై తప్పులు, క్రావడి వేరే చోట పడటం, "క్ష" విడిపోవడం, పేర్లలో ఒత్తులు తారుమారవడం.

ఇక్కడే నా అభిప్రాయం కుదురుకుంది. మనం ఆఫీసు సాఫ్ట్‌వేర్లని పోల్చేటప్పుడు ప్రోగ్రాముని చూస్తాం, ఫైలుని చూడం. 2003లో ఆ షాపు అన్నని అడిగితే ఆయన దగ్గర ఊళ్ళోకెల్లా మంచి సాఫ్ట్‌వేర్ ఉంది, అన్ని ఫీచర్లూ ఉన్నాయి, టిక్కుల పట్టిక వేస్తే ఆయనే గెలుస్తాడు. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి ఊరి చరిత్ర చేతిలోనే ఉండి చదవలేని పరిస్థితి. ఆయన్ని తప్పు పట్టను, అప్పుడు ఇంకో దారి లేదు. ఇప్పుడు ఉంది. మన తెలుగువాళ్ళం ఒకసారి దెబ్బ తిన్నవాళ్ళం, కాబట్టి ఫైలు ఏ రూపంలో మిగులుతుంది అన్న ప్రశ్న వేరేవాళ్ళకంటే మనం ముందు అడగాలి.

డాక్స్ కూడా స్టాండర్డే కదా

ఈ మాట మా సంఘంలోనే లెక్కలు చూసే ఒకాయన అడిగారు, మంచి ప్రశ్న. "ఓడీఎఫ్‌కి ఐఎస్‌వో ముద్ర ఉంటే డాక్స్‌కీ ఉంది, యూనికోడ్ రెండింటిలోనూ ఉంది, నీ సీడీ కథకీ దీనికీ సంబంధం ఏంటి?" అన్నారు. ఐఎస్‌వో అంటే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ. ఆయన మాట సగం ఒప్పుకుంటా. డాక్స్ ఫైలు పేరు మార్చి జిప్‌లా విప్పితే లోపల ఎక్స్‌ఎమ్మెల్‌లో తెలుగు శుభ్రంగా కనపడుతుంది. పేజ్‌మేకర్ నాటి చీకటి అందులో లేదు. మైక్రోసాఫ్ట్ వర్డ్ 2009 నుంచి ఓడీటీ ఫైళ్ళు, అంటే ఓడీఎఫ్‌లో రాతల ఫైళ్ళు, తెరుస్తోంది కూడా. పాత పద్ధతితో పోలిస్తే మనందరం మెరుగైన చోటే ఉన్నాం.

కానీ ఆ ముద్ర ఎలా పడిందో కూడా గుర్తుంచుకోవాలి. ఓడీఎఫ్ 2006లో ఐఎస్‌వో స్టాండర్డ్ అయింది. మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఫార్మాట్ 2008లో అయింది, వివరణే ఆరు వేల పేజీలు దాటింది, మన దేశం దానికి 2007లో వద్దని ఓటేసింది, 2008లోనూ ఆ మాట మీదే ఉంది. అందులో రెండు రకాలున్నాయి, ఒకటి కచ్చితమైంది, రెండోది పాత అలవాట్లన్నీ మోసుకొచ్చే ట్రాన్సిషనల్. ఆ పాత అలవాట్లలో "వర్డ్ 95 లాగా ఖాళీలు వదులు" అని చెప్పే ఒక సెట్టింగు కూడా ఉంది. వర్డ్ 95 ఎలా వదిలేదో వర్డ్ 95 రాసినవాళ్ళకే బాగా తెలుస్తుంది. మామూలుగా సేవ్ కొడితే వర్డ్ రాసేది ఈ రెండో రకమే. అందుకే నా వినతిపత్రం లాంటివి జారుతుంటాయి, అందులో లిబ్రెఆఫీస్ తప్పు కొంత, లక్ష్యమే కదులుతూ ఉండటం కొంత.

ఇంకో సందేహం నాదే. రేపు లిబ్రెఆఫీసే ఆగిపోతే? స్టార్ఆఫీస్ అని జర్మనీలో పుట్టింది, 1999లో సన్ అనే కంపెనీ కొంది, 2000లో ఓపెన్ఆఫీస్ పేరుతో కోడ్ బయటపెట్టింది, 2010లో సన్‌ని ఒరాకిల్ కొంది, ఏమవుతుందో అని అదే ఏడాది సెప్టెంబరులో చాలామంది డెవలపర్లు బయటికొచ్చి డాక్యుమెంట్ ఫౌండేషన్ పెట్టుకున్నారు, అలా లిబ్రెఆఫీస్ పుట్టింది. మూడు చేతులు మారినా పని ఆగలేదు, కోడ్ అందరి దగ్గరా ఉంది కాబట్టి. పేజ్‌మేకర్‌కి ఆ అవకాశం లేదు. అయితే ఇందులో కూడా ఒక గొయ్యి ఉంది, పాత పేరు అపాచీ ఓపెన్ఆఫీస్ కింద ఇంకా బతికుంది, దాని 4.1 వచ్చింది 2014లో, ఆ తర్వాత వచ్చినవన్నీ చిన్న చిన్న మరమ్మతులు. మన దగ్గర చాలామంది పేరు గుర్తుండి అదే దించుకుని, ఓపెన్ సోర్స్ అంటే ఇంతే అనుకుంటారు.

పెద్ద పెద్ద ఆఫీసులు కూడా అటూ ఇటూ ఊగాయి. మ్యూనిక్ నగరం 2003లో లినక్స్, ఓపెన్ఆఫీస్ వైపు వెళ్ళాలని నిర్ణయించుకుంది, 2017లో మళ్ళీ విండోస్‌కి రావాలని ఓటేసింది. అదే జర్మనీలో ష్లెస్విగ్-హోల్‌స్టైన్ రాష్ట్రం 2024లో 30,000 కంప్యూటర్లని లిబ్రెఆఫీస్‌కి మార్చాలని తీర్మానించింది. మ్యూనిక్‌ని చూపించి ఓడిపోయిందనేవాళ్ళూ ఉన్నారు, ఈ రాష్ట్రాన్ని చూపించి గెలిచిందనేవాళ్ళూ ఉన్నారు, నాకు రెండూ తొందరపాటే అనిపిస్తాయి. మన కేంద్రం 2025లో జోహో వైపు తిరిగింది, విద్యాశాఖ తన ఉద్యోగులని జోహో ఆఫీసు వాడమంది. స్వదేశీ అని సంతోషమే, తమిళనాడు కంపెనీ ప్రపంచం మెచ్చేలా ఎదగడం గర్వమే. కానీ స్వదేశీ వేరు, ఓపెన్ వేరు. కోడ్ వాళ్ళదే, సర్వరు వాళ్ళదే, అక్కడ కూడా నేను అడిగే ప్రశ్న అదే, రేపు నా ఫైలుని ఏ రూపంలో బయటికి తెచ్చుకోగలను అని.

అసలు ధర గురించి ఎవరూ మాట్లాడరు

ఓపెన్ సోర్స్ వాళ్ళు ముందుగా చెప్పే మాట "డబ్బు మిగులుతుంది". అమెరికాలో ఉన్న మా తమ్ముడికి ఆ మాట తగులుతుంది, 2025 మొదట్లో కోపైలట్ అనే ఏఐ కలిపి అక్కడ మైక్రోసాఫ్ట్ 365 పర్సనల్ ప్లాన్ ఏడాదికి 69.99 డాలర్ల నుంచి 99.99కి పెంచారు. మన ఊళ్ళలో ఆ మాట ఎవరికీ తగలదు, ఎందుకంటే ఇక్కడ ఎమ్మెస్ ఆఫీస్ కూడా ఉచితమే. కంప్యూటర్ సెంటర్ కుర్రాడు విండోస్ ఎక్కించేటప్పుడే కొనకుండానే కొన్నట్టు చూపించే ఒక యాక్టివేటర్ కూడా నడిపేస్తాడు, మూడొందలు తీసుకుంటాడు, ఆ మూడొందలు కూడా చేతి కూలి. నేను కూడా చదువుకునే రోజుల్లో అలాంటి సీడీలే వాడా, అది తప్పని అప్పుడు తోచలేదు, ఇప్పుడు తెలుసు.

ఈ దొంగ కాపీ వల్ల నష్టం కంపెనీకే అనుకుంటాం. నష్టం మనకి కూడా. యాక్టివేటర్ నడవాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటాడు, ఆధార్ నంబర్లు, అకౌంటు నంబర్లు ఉన్న కంప్యూటర్లో ఎవరు రాశారో తెలియని ప్రోగ్రాముకి తాళాలు ఇచ్చేస్తున్నాం. ఇంకా లోతైన నష్టం ఏంటంటే, అన్నీ ఉచితంగా దొరుకుతున్నప్పుడు ఎంచుకోవడం అనేదే ఉండదు. ఏది ఎక్కువమంది వాడితే అదే వాడతాం, తెలుగు సరిగ్గా రావట్లేదని ఎవరినీ అడగం, అడిగే హక్కు కూడా ఉండదు, కొనలేదు కాబట్టి. డబ్బు పెట్టి కొన్నవాడు కస్టమర్, అడగొచ్చు. లిబ్రెఆఫీస్ వాడేవాడు బగ్ రాయొచ్చు, తెలుగు అనువాదం దిద్దొచ్చు. దొంగ కాపీ వాడేవాడు ఎవరికీ ఏమీ కాడు.

మావాడికి చెప్పింది

మర్నాడు ఫోన్ చేసి ముందు వాడి కాలేజీ మెయిల్ ఉందా అని అడిగా. ఉంటే, కాలేజీ నమోదై ఉంటే మైక్రోసాఫ్ట్ విద్యార్థులకి ఉచితంగానే ఇస్తుంది, బ్రౌజర్లో నడిచే ఎక్సెల్ ఎలాగూ ఉచితమే. ఎక్సెల్ నేర్చుకో, బాగా నేర్చుకో, పివట్ టేబుల్, పవర్ క్వెరీ చేతికి రావాలి, ఇంటర్వ్యూలో కాల్క్ అంటే ఎవరూ వినరు అని చెప్పా. లాప్‌టాప్‌లో మాత్రం లిబ్రెఆఫీస్ వేసుకో, నీ సొంత రాతలు, నోట్సు, తెలుగులో రాసేవి దాంట్లో రాసి ఓడీటీలో దాచుకో, బయటికి ఇచ్చేటప్పుడు పీడీఎఫ్ ఇవ్వు, దిద్దాల్సిన ఫైలైతే మాత్రమే డాక్స్ ఇవ్వు, ఫాంటు కలిపి ఇవ్వు. యాక్టివేటర్ జోలికి పోవద్దు. "అంటే రెండూనా మామా?" అన్నాడు, కాస్త నిరాశగా. రెండూ రా అన్నా.

వాడికి ఈ సమాధానం నచ్చలేదని గొంతులో తెలిసింది. ఆదివారం ఇంటికొచ్చినప్పుడు సంచిక పని చూపించా. ఎడమ పక్క చెదలు తిన్న పుస్తకం, కుడి పక్క తెర మీద మార్చిన తెలుగు. చందాదారుల పేజీలో ఒక పేరు దగ్గర కన్వర్టరు ఒత్తుని వదిలేసింది, పుస్తకంలో ఆ మూల చెద తినేసింది. మావాడు ఆ వరసని పదిసార్లు చదివి, "ఇది మా నానమ్మ వాళ్ళ ఇంటిపేరు కదా మామా" అన్నాడు. వాళ్ళ నాన్నకి ఫోన్ చేసి అడిగాం. అవును, వాళ్ళ ముత్తాత, అప్పట్లో పదకొండు రూపాయలు ఇచ్చాడు.

ఇప్పటికి 61 పేజీలు దిద్దడం అయింది. మండలి ఫాంటు, ఓడీటీలో ఒక కాపీ, ఏళ్ళ తరబడి దాచడానికి వాడే పీడీఎఫ్/ఏ ఒకటి, రెండు పెన్‌డ్రైవుల్లో రెండు ఇళ్ళల్లో. కార్యదర్శిగారు మాత్రం కాగితం మీద కూడా ఒక ప్రింటు తీసి ఇవ్వమన్నారు, తీసి ఇచ్చా. మావాడు రోజూ ఎక్సెల్ క్లాసు అయ్యాక రాత్రి రెండు పేజీలు దిద్ది పంపుతున్నాడు. నిన్న పంపినదాంట్లో ఒకచోట పసుపు రంగు వేసి పక్కన రాశాడు, "ఇక్కడ 'శ్రేష్ఠి' అని ఉండాలా, 'శ్రేష్టి' అని ఉండాలా, పుస్తకంలో చిరిగిపోయింది, తాతగారిని అడుగు" అని. ఇంకా అడగలేదు, రేపు గ్రంథాలయానికి వెళ్ళినప్పుడు అడగాలి.